లారీకి ఏసీ ఇచ్చారు సరే, బండి ఆగాక దానికి కరెంటు ఎవరిస్తారు?

మొన్నీమధ్య లారీ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన కొత్త బండి ఫొటోలు పెట్టాడు. ముందు అద్దానికి దండ, స్టీరింగ్‌కి బొట్టు, ఏసీ నాబ్ దగ్గరికి జూమ్ చేసి ఇంకో ఫొటో. కింద "ఏసీ కూడా ఇచ్చేశాం, ఇంక డ్రైవర్లకి ఏం కావాలి" అని రాశాడు. దానికి వరసగా దణ్ణాల బొమ్మలు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూస్తా, మా నాన్నకి కూడా ఒకప్పుడు లారీ ఉండేది, కాబట్టి ఓనర్ బాధా తెలుసు, డ్రైవర్ బాధా తెలుసు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన ప్రతి సరుకు బండికీ క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం రూలు పెట్టింది. 2023 జూన్‌లో గడ్కరీ గారు ఆ ఫైలు మీద సంతకం పెట్టానని చెప్పినప్పుడు నేను నిజంగా సంతోషపడ్డా. 43, 47 డిగ్రీల ఎండలో డ్రైవర్లు నడుపుతున్నారు, వాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి అన్నారాయన. అందులో ఒక్క మాట కూడా తప్పు లేదు.

కానీ నా అభిప్రాయంలో ఈ రూలు సగం పనే చేసింది. బండి నడిచేటప్పుడు డ్రైవర్‌కి చల్లగా ఉంటుంది, బండి ఆపి పడుకునేటప్పుడు ఉండదు. డ్రైవర్‌కి నిద్ర పట్టాలంటే ఇంజన్‌తో పని లేకుండా ఏసీకి కరెంటు అందాలి, ఆ ఖర్చు డ్రైవర్ నెత్తిన పడకూడదు. ఇది చెప్పడానికే ఇంత పోస్టు.

బెల్టు ఆగితే ఏసీ ఆగుతుంది

కంపెనీ నుంచి వచ్చే ఏసీలో కంప్రెసర్ తిరిగేది ఇంజన్ బెల్టు మీద. ఇంజన్ ఆపారంటే బెల్టు ఆగుతుంది, కంప్రెసర్ ఆగుతుంది, ఫ్యాన్ మాత్రం బ్యాటరీ మీద తిరుగుతూ ఇందాకటి చల్లగాలి స్థానంలో వేడిగాలి కొడుతుంది. కార్లో అయితే ఇది ఎవరికీ పట్టదు, ఎందుకంటే కారు ఆపగానే మనం దిగి ఇంట్లోకి పోతాం. లారీ డ్రైవర్‌కి బండే ఇల్లు. ఆపాక కూడా అందులోనే ఉండాలి, వండుకోవాలి, పడుకోవాలి, ఒక్కోసారి రెండు మూడు రోజులు.

మన దగ్గర లారీ ఎంతసేపు ఆగుతుందో బయటివాళ్లకి తెలీదు. గుంటూరు మిర్చి యార్డు సీజన్లో చూడండి, మార్చి ఏప్రిల్ నెలల్లో, లోడు కోసం వచ్చిన బండ్లు లైన్లో నిలబడితే ఎప్పుడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎక్కుతాయో ఎవరూ చెప్పలేరు. కోల్డ్ స్టోరేజీల దగ్గరా అంతే. మే నెలలో యార్డుకి ఎండాకాలం సెలవులు ఇస్తారు, ఎండకి హమాలీలు తట్టుకోలేరు కాబట్టి అది న్యాయమే. సెలవుల ముందు రోజుల్లో సరుకంతా ఒక్కసారే కదులుతుంది, బండ్లన్నీ అప్పుడే ఇరుక్కుంటాయి. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ స్టేషన్ బూడిద లోడ్లకి వెళ్లే బండ్లు, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో అన్‌లోడింగ్‌కి ఆగే బండ్లు, అన్నిటిదీ ఇదే కథ. నా రిజిస్టర్లో హాల్టింగ్ కాలమ్ చూస్తే చాలా ట్రిప్పుల్లో బండి నడిచిన గంటల కంటే ఆగిన గంటలే ఎక్కువ ఉంటాయి. ఆ ఆగిన గంటలకి ఈ కొత్త రూలు ఇచ్చింది ఏమీ లేదు.

ఎనికేపాడు సర్వీస్ రోడ్డు మీద

పోయిన రోహిణి కార్తెలో ఒక బిల్టీ (సరుకు రసీదు) మీద సంతకం కావాలని రాత్రి భోజనాలయ్యాక ఎనికేపాడు వైపు వెళ్లా. సర్వీస్ రోడ్డు పక్కన వరసగా బండ్లు. నేను వెతుక్కుంటూ వెళ్లిన డ్రైవర్ క్యాబిన్‌లో లేడు. బండి కింద, వెనక చక్రాలకి ముందు, ప్లాస్టిక్ చాప మీద పడుకుని ఉన్నాడు. తడిపిన తువ్వాలు ఛాతీ మీద కప్పుకున్నాడు, తల దగ్గర నీళ్ల బాటిల్, చెప్పులు తల కింద. ఆ చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టుకున్నాడు. వయసులో పెద్దాయన, మా నాన్న బండి నడిపిన రోజుల నుంచీ తెలుసు.

"ఏంది బాబాయ్, లోపల పడుకోవచ్చుగా" అన్నా.

"చెయ్యి పెట్టి చూడు రా ఒకసారి" అన్నాడు. క్యాబిన్ తలుపు తీసి సీటు వెనక బెర్తు మీద చెయ్యి పెట్టా. పగలంతా ఎండలో ఉన్న రేకు, కింద ఇంకా చల్లారని ఇంజన్. రెక్సిన్ పెనంలా కాలుతోంది. డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న ఫ్యాన్ తిరుగుతోంది, ఆ వేడినే అటూ ఇటూ తిప్పుతోంది. "ఇప్పుడు చెప్పు, ఎక్కడ పడుకోమంటావు" అన్నాడు.

బండి కింద పడుకున్నవాళ్ల మీదుగా బండి పోయిన సంఘటనలు ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి విన్నవాళ్లే. పక్క బండివాడు రివర్స్ చేస్తాడు, కింద మనిషి ఉన్నాడని వాడికేం తెలుసు. అయినా ఎందుకు పడుకుంటారంటే కింద నేల మీద కాస్త గాలి ఆడుతుంది కాబట్టి. పైన కిటికీలు తీసి పడుకుంటే దోమలు, దోమలకి తోడు ఫోన్ పోతుంది, డీజిల్ పోతుంది, సరుకు మీది టార్పాలిన్ పట్టా కోసి సరుకు లాగేస్తారు. అద్దాలు మూస్తే ఉక్క. బెజవాడ రాత్రిలో ఎండ ఉండదు గానీ ఉక్కపోత ఉంటుంది, గాలిలో తేమ అంత ఉన్నప్పుడు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నీళ్లు పోసే కూలర్ పెట్టుకుంటే చాలు కదా అనేవాళ్లకి నా జవాబు అదే, మూసిన క్యాబిన్‌లో కూలర్ ఉన్న తేమకి ఇంకా తేమ కలుపుతుంది.

2015 వేసవిలో వడగాలులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. అప్పుడు అందరం పగటి ఎండ గురించే మాట్లాడుకున్నాం. పగలు కాలిన ఒళ్లు రాత్రి చల్లబడకపోతే మర్నాడు ఇంకా తొందరగా దెబ్బ తగులుతుంది, ఆ మర్నాడు ఆ మనిషి చేతిలో ఉండేది ముప్పై టన్నుల బండి. నిద్ర లేని డ్రైవర్ తెల్లవారుజామున హైవే మీద ఎలా నడుపుతాడో నేను చెప్పక్కర్లేదు.

ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకుంటే?

చాలామంది అనేది ఇదే. కొత్త బండే కదా, ఏసీ ఉంది, ఇంజన్ స్లోలో పెట్టి పడుకో. లెక్క వేద్దాం. లారీ నిలబెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేస్తే గంటకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది అనుకోండి. ఎనిమిది గంటలకి పన్నెండు నుంచి పదహారు లీటర్లు. లీటరు డీజిల్ వందకి కొంచెం తక్కువ వేసుకుందాం. అంటే ఒక్క రాత్రి నిద్రకి దగ్గర దగ్గర పన్నెండొందల నుంచి పదిహేనొందలు. నేను రాసే బత్తాల కంటే అది ఎక్కువ.

ఇంకో సంగతి, చాలా ఆఫీసుల్లో డీజిల్ ఇచ్చేది మైలేజీ లెక్కన. ఇన్ని కిలోమీటర్లకి ఇన్ని లీటర్లు, ఎక్కువ తాగితే డ్రైవర్ దగ్గర కట్ చేస్తారు, మిగిలితే డ్రైవర్‌కి మిగులుతుంది. ఈ పద్ధతి ఉన్నంతకాలం ఏ డ్రైవరూ రాత్రంతా ఇంజన్ వేసుకుని పడుకోడు. అసలు నడిపేటప్పుడు కూడా ఏసీ వెయ్యట్లేదు కొంతమంది. కొత్త బండి ఇచ్చిన ఒక కుర్రాడిని అడిగితే "సార్, ఏసీ వేస్తే మైలేజీ పడిపోద్ది, నెలాఖరుకి మీరే నా లెక్కలో ఎర్ర ఇంకుతో రాస్తారు" అన్నాడు. వాడన్నది నిజం, ఆ ఎర్ర ఇంకు నా టేబుల్ మీదే ఉంటుంది. అప్పట్నుంచి ఏసీ బండ్లకి మైలేజీ టార్గెట్ తగ్గించి వేరేగా కట్టాలని మా ఓనర్ గారిని అడుగుతూనే ఉన్నా.

పొగ సంగతి కూడా ఉంది. డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెట్రోల్ పొగలో కంటే తక్కువే, కానీ అసలు లేకపోదు. పక్కపక్కనే బండ్లు నిలబడి అన్నీ ఇంజన్లు వేసుకుంటే ఒకడి పొగ ఇంకొకడి క్యాబిన్‌లోకి పోతుంది, ఆ మసి అంతా పక్కనున్న ఇళ్ల వాళ్లూ పీలుస్తారు. కాలిఫోర్నియాలో ఆగిన లారీ ఇంజన్ ఐదు నిమిషాలకి మించి ఆన్‌లో ఉండకూడదని రూలు, 2008 నుంచి బెర్తులో పడుకునే డ్రైవర్లకి కూడా అదే వర్తింపజేశారు. అక్కడ ఇంజన్ ఆపమన్నప్పుడు పడుకునేవాడికి వేరే దారి ఏంటన్నది కూడా ఆలోచించాల్సి వచ్చింది, బ్యాటరీ ఏసీలూ పార్కింగ్‌లో ప్లగ్గులూ అలా పెరిగాయి. మనం ఏసీ పెట్టమన్నాం గానీ ఆ రెండో సగం దగ్గరికి ఇంకా రాలేదు.

బ్యాటరీ దగ్గర అసలు లెక్క

బ్యాటరీ మీద నడిచే పార్కింగ్ ఏసీలు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. క్యాబిన్ పైకప్పు మీద కొన్ని, వెనక గోడకి కొన్ని. 24 వోల్టుల మీద నేరుగా నడుస్తాయి, బెల్టు అక్కర్లేదు. మరి అందరూ పెట్టించుకోరేం అంటే ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డులో ఒక పొద్దున కూర్చున్నా. ఒక బండిని జంపర్ వేసి స్టార్ట్ చేసి తెచ్చారు, పొద్దున సెల్ఫ్ కొట్టలేదంట. రాత్రంతా పార్కింగ్ ఏసీ వేసుకుని పడుకున్నాడు డ్రైవర్. ఎలక్ట్రీషియన్ ఇంజన్ ఆపించి, మీటర్ తీసి బ్యాటరీ బోల్టుల మీద రెండు పిన్నులు పెట్టాడు, 22 చిల్లర చూపించింది. ఫుల్ చార్జ్ ఉంటే 25 దాటి ఉండాలి. ఏసీ దగ్గర కటాఫ్ ఉంటుంది, వోల్టేజీ బాగా పడితే దానంతట అదే ఆగిపోవాలి. ఆ కటాఫ్ వైరు ఎవరో తీసి కలిపేశారు, మధ్యరాత్రి ఏసీ ఆగిపోతోందని. తర్వాత ఏసీ వైరు పట్టుకుని చూపించాడు. సన్న వైరు, జాయింటు దగ్గర ఇన్సులేషన్ కరిగి నల్లబడింది. ఫ్యూజు లేదు. "ఇది రాత్రి కాలిపోకపోవడం వాడి అదృష్టం అండీ" అన్నాడు.

ఎందుకలా కరిగిందో అర్థం చేసుకోవాలి. ఇంట్లో తొమ్మిదొందల వాట్ల ఏసీ 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లు లాగుతుంది. అదే తొమ్మిదొందల వాట్లు 24 వోల్టుల మీద లాగాలంటే ముప్పై ఏడు ఆంపియర్లు కావాలి. కరెంటు తొమ్మిది రెట్లు పైన పెరిగితే అదే వైరులో వేడి ఎనభై, తొంభై రెట్లు పెరుగుతుంది. అందుకే లావు కేబుల్ ఉండాలి, బ్యాటరీ బోల్టుకి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. ఇంటి వైరింగ్ చేసే అబ్బాయిని పిలిచి చేయించే పని కాదిది.

ఇక బ్యాటరీ సైజు. లారీలో మామూలుగా 12 వోల్టులవి రెండు, ఒక్కోటి 150 ఆంపియర్ అవర్ అనుకుందాం. కాగితం మీద మూడున్నర యూనిట్ల చిల్లర. కానీ అవి సెల్ఫ్ కొట్టడానికి చేసిన బ్యాటరీలు, ఒక్క క్షణం గట్టిగా కరెంటు ఇచ్చి మళ్లీ నిండాలి, రోజూ సగం దాకా ఖాళీ చేస్తే తొందరగా పోతాయి. సగం వాడితే వచ్చేది ఒకటిముప్పావు యూనిట్లు, అది పావు రాత్రికో సగం రాత్రికో సరి. ఏసీ కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ సగటున ఐదొందల వాట్లు లాగినా ఎనిమిది గంటలకి నాలుగు యూనిట్లు కావాలి. కాబట్టి ఏసీకి వేరే బ్యాటరీ ఉండాలి, సెల్ఫ్ బ్యాటరీ జోలికి పోకూడదు. 24 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, ఐరన్ ఫాస్ఫేట్ రకం, దగ్గర దగ్గర ఐదు యూనిట్లు పట్టుద్ది, దాన్ని చాలా వరకు ఖాళీ చేసినా ఏమీ కాదు. అది సైలెన్సర్ పక్కన బిగించకూడదు, వేడికి దాని ఆయుష్షు తగ్గుతుంది.

దీన్ని నింపేది బండి నడిచేటప్పుడు డైనమో. నలభై ఆంపియర్ల చొప్పున ఇచ్చినా నాలుగైదు గంటల డ్రైవింగ్‌లో నిండిపోతుంది, లారీ రోజూ అంత నడుస్తుంది. మధ్యలో చార్జర్ పెట్టాలి, నేరుగా కలిపితే లిథియం ఎంతంటే అంత లాగేసి డైనమో వేడెక్కి కాలుతుంది. ఇప్పుడు డీజిల్ లెక్క చూడండి. లీటరు డీజిల్‌లో ఉండే శక్తి దాదాపు పది యూనిట్లు, ఇంజన్ దగ్గర ఎక్కువ భాగం వేడిగా పోతుంది, డైనమో దగ్గర ఇంకొంత పోతుంది, అన్నీ పోయాక రెండు యూనిట్లు బ్యాటరీలోకి చేరతాయి అనుకుందాం. నాలుగు యూనిట్లకి రెండు లీటర్లు. ఇంజన్ స్లోలో పెట్టి పడుకుంటే పన్నెండు, పదహారు లీటర్లు. అదే చల్లదనం, అదే నిద్ర. ఇంజన్ వేసుకుని పడుకోవడం ఎంత దండగో ఇంతకంటే చెప్పలేను.

సోలార్ ప్యానెల్ గురించి కూడా అడుగుతారు. క్యాబిన్ పైన పట్టేది మూడొందలు, నాలుగొందల వాట్లు, రోజుకి యూనిట్ ఒకటిన్నర వస్తే గొప్ప. తోడుకి పనికొస్తుంది, దాని మీదే రాత్రి గడవదు.

ఓనర్ అడిగేదీ న్యాయమే

ఇదంతా మా ఓనర్ గారికి చెప్పా. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని చదివి, "లెక్క బాగానే ఉంది గానీ అబ్బాయ్, మన బండ్లలో ఇంజన్ వేసుకుని పడుకునేవాళ్లు ఎవరున్నారు? వేసుకోని డీజిల్ మీద నాకు మిగిలేదేంటి?" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయా. ఆ ప్రశ్న కరెక్టు. బ్యాటరీ ఏసీ అమ్మేవాళ్లందరూ చెప్పే లెక్క డీజిల్ ఆదా, ఇన్ని నెలల్లో డబ్బులు వెనక్కి వస్తాయని. మన దగ్గర డ్రైవర్ ఇంజన్ వెయ్యడు, బండి కింద పడుకుంటాడు. అక్కడ ఓనర్‌కి ఖర్చు సున్నా. ఆ సున్నాతో పోలిస్తే ఏసీ, లిథియం, చార్జర్, బిగింపు కలిపి లక్ష దాటే ఖర్చు కొత్త ఖర్చే. ఒక్క బండి ఉండి కిస్తీ కట్టుకునే ఓనర్‌ని లక్ష పెట్టమనడం చిన్న మాట కాదు, మా నాన్న రెండు టైర్లు ఒకేసారి మార్చాల్సి వస్తే ఎంత ఆలోచించేవాడో చూసినవాణ్ణి.

దీని మీద చాలా రోజులు ఆలోచించాక నాకు అర్థమైంది ఇది. డీజిల్ ఆదా పేరుతో ఈ వాదన చెయ్యకూడదు. ఇప్పుడు ఆ ఖర్చు లేదని కాదు, డ్రైవర్ ఒంటి మీద పడుతోంది కాబట్టి నా రిజిస్టర్లో కనపడట్లేదు. 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్ల చట్టంలోనే రాత్రి ఆగాల్సిన చోట యజమాని విశ్రాంతి గది ఏర్పాటు చెయ్యాలని రాశారు. ఐదుగురు, ఆ పైన పనివాళ్లున్న సంస్థలకి అది వర్తించేది. అంటే అరవై ఏళ్ల కిందటే డ్రైవర్ నిద్ర ఓనర్ బాధ్యత అని ఈ దేశం ఒప్పుకుంది. బండ్లన్నీ ఒకటీ రెండూ ఉన్న ఓనర్ల చేతిలో ఉంటే ఆ లెక్కలోకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు, అది వేరే సంగతి.

పెట్రోల్ బంకుల దగ్గర అప్నా ఘర్ పేరుతో డార్మిటరీలు కడుతున్నారు, మంచిదే, స్నానానికీ భోజనానికీ ఎంతో ఉపయోగం. కానీ ఇప్పుడు చాలా బండ్లకి క్లీనర్ లేడు, డ్రైవర్ ఒక్కడే. లోడు బండి వదిలేసి వెళ్లి మంచం మీద పడుకుంటే డీజిల్‌కీ పట్టాకీ కాపలా ఎవరు? అందుకే వాళ్లు బండి దగ్గరే పడుకుంటారు, కాబట్టి చల్లదనం కూడా బండిలోకే రావాలి.

ఏసీ అలవాటైతే బయటికొచ్చాక జ్వరం వస్తుంది, మా రోజుల్లో ఏసీలున్నాయా అనే పాత డ్రైవర్లూ ఉన్నారు. ఎనికేపాడు బాబాయే అన్నాడు ఆ మాట. వాళ్లని నేను గౌరవిస్తా. కానీ వాళ్ల పిల్లల్లో ఎవరూ స్టీరింగ్ పట్టుకోవట్లేదు, పట్టుకోనివ్వట్లేదు కూడా.

రైలు బోగీకి ఉన్న ప్లగ్గు

విజయవాడ జంక్షన్‌లో ఆగిన రైలు చూడండి. పాత రకం ఏసీ బోగీల్లో చక్రాల ఇరుసు మీద తిరిగే ఆల్టర్నేటర్ కరెంటు ఇస్తుంది, రైలు ఆగితే బోగీ కింద వేలాడే పెద్ద బ్యాటరీలు అందుకుంటాయి. యార్డులో నిలబెట్టినప్పుడు ముందే చల్లబరచడానికి బయటి నుంచి కరెంటు ప్లగ్గు పెడతారు. కొత్త రకం రైళ్లలో అయితే ఇంజన్ పైన వైరు నుంచి తీసుకున్న కరెంటే బోగీలన్నిటికీ వెళ్తుంది. కదిలేటప్పుడు కరెంటు ఎక్కణ్నుంచి, ఆగినప్పుడు ఎక్కణ్నుంచి అని రెండూ ముందే ఆలోచించి కట్టారు. లారీ విషయంలో మొదటిదే ఆలోచించారు.

ప్లగ్గు లెక్క అన్నిటికంటే చవక. రాత్రికి నాలుగైదు యూనిట్లు, చార్జర్ దగ్గర పోయేది కలుపుకుని యూనిట్ పది రూపాయలు వేసుకున్నా యాభై, అరవై రూపాయలు. పార్కింగ్ ఫీజు తీసుకునే చోట స్తంభానికి రెండు పాయింట్లు పెట్టి మీటర్ మీద డబ్బులు తీసుకుంటే ఏ డ్రైవరూ కాదనడు. గుంటూరు యార్డు లైన్లలో, మన ఆటోనగర్ పార్కింగ్‌లో, కాజ టోల్‌గేట్ దగ్గర బండ్లు ఆగే చోట, ఈ మూడు చోట్లతో మొదలుపెట్టినా తెలిసిపోతుంది. ప్లగ్గు ఉంటే బ్యాటరీ చిన్నదైనా చాలు, ఓనర్ ఖర్చు కూడా తగ్గుతుంది.

రేపు ఎలక్ట్రిక్ లారీలు వస్తే ఈ గొడవే ఉండదు, అంత పెద్ద బ్యాటరీలో నాలుగు యూనిట్లు లెక్కలోకే రావు అని మా ఆఫీసు కుర్రాళ్లు అంటారు. నిజమే. కానీ ఈ ఏడాది రోడ్డెక్కిన డీజిల్ బండి ఇంకో పదిహేనేళ్లు తిరుగుతుంది. ఆ పదిహేను రోహిణి కార్తెల సంగతి ఏంటి?

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. రూలులో ఇంజన్ ఆపాక ఏసీ ఎన్ని గంటలు నడవాలో రాయండి. అది కంపెనీ నుంచే బిగించి వస్తే కరిగిన వైర్లూ తీసేసిన కటాఫ్‌లూ ఉండవు, ఖర్చు కూడా బండి లోన్‌లో కలిసిపోతుంది. పాత బండికి పెట్టించుకునేవాడికి ఫైనాన్స్ ఇచ్చేవాళ్లు టైర్లకి ఇచ్చినట్టే దీనికీ ఇవ్వండి. ఓనర్లు మైలేజీ టార్గెట్లో ఏసీ డీజిల్ వేరేగా చూపండి.

మా ఓనర్ గారు చివరికి నాగపూర్ లైన్ బండి ఒక్కదానికి ఒప్పుకున్నారు. పైకప్పు కింద ఫోమ్ షీట్ కూడా వేయిస్తున్నాం, రేకు వేడి లోపలికి దిగకపోతే ఏసీకి పని తగ్గుతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. కేబుల్ లావుదే తెప్పించాం, ఫ్యూజు బ్యాటరీ పక్కనే. డ్రైవర్‌కి ఒక చిన్న పుస్తకం ఇచ్చా, పడుకునేటప్పుడు వోల్టేజీ ఎంత, లేచేటప్పుడు ఎంత అని రాయమని. మిగతా బండ్ల సంగతి ఈ వేసవి అయ్యాక ఆ పుస్తకం చూసి మాట్లాడదాం అన్నారు ఓనర్ గారు. ఎవరికైనా తమ బండికి పెట్టించుకోవాలని ఉంటే ఆ నంబర్లు వచ్చాక ఇక్కడే పెడతా.